శేషాద్రి చెప్పిన రోగం

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడ్డానికి వస్తుంటారు. ఏ పుస్తకం చదవాలి సార్ అని అడుగుతారు. పుస్తకాలు చదవండి, కాదనను. కానీ ఇళ్ళల్లో గాజుతొట్టెల్లో పెంచుకునే చేపలు ఎందుకు చచ్చిపోతున్నాయో కనిపెట్టడం నాకు నేర్పింది పుస్తకం కాదు, కుళ్ళు. ఉన్నమాటే చెబుతున్నాను. పక్క బల్ల దగ్గర కూర్చునే శేషాద్రి అంటే నాకు అంత కుళ్ళు లేకపోయి ఉంటే, నేనూ అందరిలాగే చచ్చిన చేపను సీసాలో వేసి, పైన చీటీ అంటించి, టీ తాగడానికి పోయేవాణ్ణి.

రిటైరయినవాళ్ళు రాసుకునే అనుభవాల్లో అందరూ మంచివాళ్ళే ఉంటారు. పై అధికారులు తండ్రిలాంటివాళ్ళు, పక్కవాళ్ళు అన్నదమ్ములు. నాకలా రాయడం చేతకాదు. ఎన్ని మెట్లు ఎక్కానో, ఎప్పుడు ఎక్కానో కూడా రాయను, అవి మీకెందుకూ పనికిరావు. ఒకటి రెండు కేసులు చెబుతాను, వాటిలో పనికొచ్చేది ఏమైనా ఉంటే తీసుకోండి.

మా పని

అవి పందొమ్మిది వందల యాభైల నాటి మద్రాసు రోజులు. మా ప్రయోగశాల పేరెందుకు గానీ, గవర్నమెంటుదే. అసలు పని చెరువు చేపలకూ సముద్రపు చేపలకూ వచ్చే జబ్బులు చూడడం. అయితే అప్పట్లో కలిగిన ఇళ్ళల్లో హాల్లో గాజుతొట్టె పెట్టి రంగురంగుల చేపలు పెంచడం మోజుగా ఉండేది. సింగపూరు నుంచీ కొలంబో నుంచీ వచ్చే ఓడల్లో హార్బరు మనుషులు ఆ చేపల్ని డబ్బాల్లో దించేవాళ్ళు. తెచ్చినవాటిలో సగం వారం తిరక్కుండా తేలేవి. తేలగానే ఆ పెద్దమనుషులు మా బాసుకు ఫోను చేసేవాళ్ళు. బాసు కాదనలేక మమ్మల్ని తోలేవాడు.

జనం మమ్మల్ని చేపల డాక్టర్లు అనేవాళ్ళు, అనేసి నవ్వేవాళ్ళు. మా అమ్మ మాత్రం తొండియార్‌పేటలో మా వీధి వీధంతా కొడుకు డాక్టరని చెప్పుకుంది. చేపల అన్న ముక్క ఆమె ఎప్పుడూ చెప్పలేదు. నేనూ దిద్దలేదు.

శేషాద్రి

శేషాద్రిది టి. నగర్. వాళ్ళ నాన్న పేరున్న వకీలు. నేను బస్సులో చెమటలు కక్కుకుంటూ ఆఫీసుకు చేరేసరికి, అతను ఇస్త్రీ మడత నలక్కుండా బాసు గదిలో కూర్చుని కాఫీ తాగుతుండేవాడు. తెలుగు, తమిళం, ఇంగ్లీషు మూడూ అతని నోట్లో తేనె పూసినట్టు పలికేవి. నేను ఇంగ్లీషు మాట్లాడితే బాసు చెవి దగ్గర చెయ్యి పెట్టుకునేవాడు.

పోనీ అతను మొద్దా అంటే కాదు. మొద్దయితే లోలోపల నవ్వుకుని ఊరుకుందును. సూక్ష్మదర్శిని కింద చేప మొప్ప పరిచాడంటే చూసి తీరాలి, అంత సుతారం ఆ చేతిలో. పోనీ నన్ను తీసిపారేశాడా అంటే అదీ లేదు. మా అమ్మకు జబ్బు చేసినప్పుడు ఆస్పత్రికి వెళ్ళడానికి తన కారు పంపాడు. ఆ కారులో మా అమ్మ అతన్ని వెయ్యేళ్ళు చల్లగా ఉండమని దీవిస్తూ కూర్చుంటే, నేను కిటికీలోంచి బయటికి చూస్తూ పళ్ళు కొరుక్కున్నాను. చెడ్డవాడి మీద ఏడవడం తేలిక, ఏడ్చి తిట్టేసి తేలికపడవచ్చు. మంచివాడి మీద ఏడుపు అలా కాదు, రోజూ లోపలే ఉడుకుతుంది.

అతనికి ఒకే ఒక్క లోపం ఉండేది. ఏ ఇంటికి వెళ్ళినా హాల్లో కూర్చోబెట్టి మర్యాద చేసేవాళ్ళు. వెండి గ్లాసులో కాఫీ, పక్కన ఇంటాయన, ఎదురుగా చేపల తొట్టె. అతను చేపను చూసేవాడు, ఇంటిని చూసేవాడు కాదు. నన్నెవరూ హాల్లో కూర్చోబెట్టేవాళ్ళు కాదు. నా వాలకం చూసి పెరటి దారిన రమ్మనేవాళ్ళు. అందువల్ల నాకు ముందు కొళాయి, బావి, అంట్లు తోమే చోటు కనబడేవి. మొదట్లో దానికి ఒళ్ళు మండేది. తర్వాత తెలిసింది, చేపను చంపేది చాలాసార్లు ఆ పెరట్లోనే ఉంటుందని.

తలంటి పోసుకున్న రోజు

ఉదాహరణకు కీల్పాక్‌లో ఒక పెద్దాయన ఇంట్లో ప్రతి శనివారం దాటాక చేపలు తేలేవి. శేషాద్రి చచ్చిన చేపల్ని కోసి చూసి ఏదో సూక్ష్మజీవి అన్నాడు. మందిచ్చాడు. మళ్ళీ శనివారం దాటింది, మళ్ళీ తేలాయి. ఆ పై శనివారం నన్ను పంపారు.

నేను పెరట్లోంచి లోపలికి వెళుతుంటే ఆ పెద్దాయన అప్పుడే తలంటి పోసుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని వస్తున్నాడు. ఒళ్ళంతా నువ్వులనూనె వాసన. గోళ్ళలో సీకాయ పొడి. తిన్నగా తొట్టె దగ్గరకు వెళ్ళి మోచేతి దాకా చెయ్యి నీళ్ళలో పెట్టాడు. చేపలు వచ్చి వేళ్ళు కొరుకుతుంటే చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆయనకు వారానికి అదొక్కటే తీరిక రోజు. ఆ వేళ చేపలతో ఆడుకుంటాడు, ఆడుకుని చంపుకుంటాడు.

సీకాయ చేప మొప్పలకు పరమ శత్రువు. పైన నూనె తెట్టె కడితే నీటికి గాలి అందదు. తలంటి పోసుకున్న రోజు చేపలకు సెలవివ్వండి సార్ అని చెప్పి వచ్చాను. ఆ తర్వాత ఒక్కటీ చావలేదు. బాసుకు చెబితే అలాగా అన్నాడు, శేషాద్రి చెప్పిన సూక్ష్మజీవి కూడా ఉండే ఉంటుందిలే అన్నాడు. ఆ రోజు నేను మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పలేదు.

అంచేత మీకు చెప్పేదేమిటంటే, చేపను చూడకముందు ఆ ఇంట్లో నీళ్ళు ఎవరు పోస్తారు, ఏ చెయ్యి ముంచుతారు, ఏ పాత్రలో తెస్తారు అని చూడండి. చేప ఎక్కడికీ పోదు.

చింతాద్రిపేట నుంచి వచ్చినాయన

ఇప్పుడు అసలు కేసుకు వస్తాను. చింతాద్రిపేటలో మునిరత్నం గారని నూలు వ్యాపారి. తాతల నాటి నుంచి మద్రాసులో ఉన్న తెలుగువాళ్ళు. ఆయనకు ఇద్దరు పెళ్ళాలు. రెండో పెళ్ళి కూడదన్న చట్టం రాకముందే చేసుకున్నానని, అడక్కపోయినా ఆయనే చెప్పేవాడు. పెద్దావిడ రాజమ్మ గారు నెల్లూరామె, నలభై దాటి ఉంటాయి. పిల్లలు లేరని సరోజను చేసుకున్నాడు. సరోజకూ కలగలేదు. హార్బరులో పనిచేసే సరోజ అన్న ఓడ మీద వచ్చిన చేపల్ని చెల్లెలికి తెచ్చి ఇచ్చాడు. గాజుతొట్టె, లోపల గులకరాళ్ళు, నాచు, నత్తలు, నల్లమోలీలనే చిట్టి చేపలు, కత్తితోక చేపలు. చింతాద్రిపేటలో ఆ వీధికంతా అదొక వింత.

ఆ చేపలు చావడం మొదలైంది. శేషాద్రి వెళ్ళి హాల్లో కూర్చుని చూశాడు. చేపల ఒంటి మీద తెల్లటి జిగురు పొర ఉంది. ఇది చర్మం మీద పొర కట్టే రోగమని, నీళ్ళలో కాస్త ఉప్పూ నీలిరంగు మందూ కలపమని, నీళ్ళు తరచుగా మార్చమని చెప్పాడు. కొళాయి నీళ్ళలో కార్పొరేషన్ కలిపే మందు ఉంటుంది కాబట్టి రాత్రంతా నిలవబెట్టి పోయమన్నాడు. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు, నేనయినా అదే చెబుదును.

అయినా చావు ఆగలేదు, ఇంకా ఎక్కువైంది. మునిరత్నం గారు స్వయంగా ఆఫీసుకు వచ్చి కేకలేశాడు. శేషాద్రి అప్పుడు ఏదో సభకు బొంబాయి వెళ్ళాడు. శేషాద్రి మందు వేసినా చేపలు చస్తున్నాయని వినగానే నా కడుపులో పాలు పోసినట్టయింది. బాసు నన్ను పిలిచి, శేషాద్రి చెప్పినట్టు మందు సరిగ్గా వేస్తున్నారో లేదో చూసి రా అన్నాడు. అంతే నా విలువ. సరే సార్ అని, పరిగెత్తినంత పని చేసి వెళ్ళాను.

మునిరత్నం గారు నన్ను వీధి అరుగు మీదే ఆపాడు. లోపలికి వినబడకుండా అసలు సంగతి చెప్పాడు. తొట్టెలో నీళ్ళు మార్చేది పెద్దావిడ. ఆమె నీళ్ళు మార్చినప్పుడల్లా మర్నాటికి చేపలు పోతున్నాయి. అక్క కడుపుమంటతో ఏదో కలుపుతోందని సరోజ అన్నం మానేసింది. సరోజ అన్న వచ్చి కూర్చున్నాడు.

"మాకు వేరే ఏం వద్దు సార్. రోగమా, విషమా, అది చెప్పండి చాలు," అన్నాడు మునిరత్నం గారు. "రోగమయితే నా కర్మ అనుకుంటా. విషమయితే పెద్దామెను నెల్లూరికి పంపించేస్తా. ఆడ తమ్ముడుండాడు. ఇంక ఈ గడప తొక్కేది లేదు."

మరి ఆమె ఒప్పుకుంటుందా అన్నాను. ఆమెను అడిగేదేముంది అన్నట్టు చూశాడు. అలా నా చేతిలో ఒక ఆడమనిషి ఇల్లు పెట్టాడు. నాకప్పుడు అదేమీ తలకెక్కలేదు. నా ధ్యాసంతా శేషాద్రి ఎక్కడ తప్పాడన్న దాని మీదే ఉంది.

నత్తలు

సరోజ తొట్టె పక్కనే నిలబడింది. ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి, ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచాయి. "ఆయమ్మ నీళ్ళు మార్చినాక పొద్దునకల్లా చస్తాయి సార్. నేను చూస్తానే ఉండాను. ఎవురూ నమ్మరు," అంది.

అబద్ధాలాడే మనిషిలా లేదు. మిగిలిన చేపలు నీటి పైకి వచ్చి నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఒకదాన్ని తీసి చూశాను. ఒంటి మీద జిగురు ఉన్నమాట నిజమే. మొప్పల నిండా కూడా జిగురే. గీకి, వెంట తెచ్చుకున్న సూక్ష్మదర్శిని కింద పెట్టాను. రోగమయితే ఆ జిగురులో పురుగు కదలాలి. ఒక్కటీ లేదు. ఒంటికి ఏదో మంట పెట్టినప్పుడు కూడా చేప ఇలాగే జిగురు కక్కుతుంది. శేషాద్రి కళ్ళతో చూసి రోగమనేశాడు, గీకి చూడలేదు. ఆ ఇంట్లో కాఫీ బాగుండి ఉంటుంది.

అప్పుడు అడుగుకు చూశాను. గులకరాళ్ళ మీద నత్తలన్నీ ఒరిగి పడి ఉన్నాయి. ఒకటి తీసి వాసన చూస్తే కుళ్ళు కంపు. పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. చేపలకొచ్చే ఆ పొర రోగం నత్తను ముట్టుకోదు. చేపా నత్తా రెండూ పోయాయంటే నీళ్ళలో ఏదో ఉంది. అందులోనూ నత్త ముందు పోయిందంటే మొట్టమొదట అనుమానించవలసింది రాగిని. చేప తట్టుకోగలిగినంత రాగి కూడా నత్త తట్టుకోలేదు.

నీళ్ళు ఎక్కడ పడతారని అడిగి పెరట్లోకి వెళ్ళాను. అక్కడ రాజమ్మ గారు ముక్కాలి పీట వేసుకుని చింతపండుతో ఒక రాగి బిందె తోముతోంది. ఎర్రగా నిగనిగలాడిపోతోంది. బయటా లోపలా రెండువైపులా రుద్దుతోంది. నన్ను చూసి కొంగు సర్దుకుని, రా నాయనా, కూర్చో అంది. ఆ ఇంట్లో అప్పటిదాకా నన్ను కూర్చోమన్నది ఆమె ఒక్కతే.

తొట్టెలోకి నీళ్ళు దేంట్లో నిలవబెడతావమ్మా అని అడిగాను. ఆమె ముఖం వెలిగిపోయింది. "ఇదో, దీంట్లోనే. మొదట్నుంచీ దీంట్లోనే పడతా, ఆ ముందొచ్చిన సారు చెప్పినాక రాత్రంతా నిలవబెడతా. బకెట్టు అందురూ ముట్టుకునేది. రాగి అయితే శుద్ధి. మా అమ్మ ఇచ్చిన బిందె, దేవుడికి తప్ప దేనికీ తియ్యను. ఆ పిల్లను గూడా తాకనియ్యను."

చూశారా? ఇంట్లో అన్నిటికన్నా పవిత్రమైన పాత్ర తీసి, చింతపండు పులుసుతో లోపల తళతళలాడేలా తోమి, అందులో నీళ్ళు రాత్రంతా నిలవబెట్టి చేపలకు పోసింది. మనుషులు తాగితే మంచిదే. చేపకు అది విషం. తోమిన పులుపు కాస్త మిగిలిందంటే రాగి ఇంకా కరుగుతుంది. పైగా శేషాద్రి నీళ్ళు తరచుగా మార్చమన్నాడు. అతని మాట ఎంత శ్రద్ధగా పాటిస్తే అంత ఎక్కువ చేపలు చచ్చాయి.

ఆమె దగ్గర ఏమీ అనలేదు. బిందెలో నీళ్ళు ఒక సీసాలో పట్టుకుని ఆఫీసుకు వెళ్ళి, అందులో రెండు మంచి నత్తల్ని వేశాను. మట్టికుండ నీళ్ళలో ఇంకో రెండు వేశాను. మర్నాడు వచ్చేసరికి కుండనీళ్ళ నత్తలు గాజు మీద షికారు చేస్తున్నాయి. బిందెనీళ్ళవి అడుగున ముడుచుకుని ఉన్నాయి, పుల్లతో పొడిచినా కదల్లేదు.

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. శేషాద్రి చెప్పిన రోగం తప్పు. శేషాద్రి చెప్పిన జాగ్రత్తే చేపల్ని చంపింది. అతను బొంబాయి నుంచి దిగేసరికి ఇది బాసు బల్ల మీద ఉండాలి. బస్సులో చింతాద్రిపేట వెళుతూ, ఆ మాట హాల్లో ఎలా మొదలుపెట్టాలో మనసులో దిద్దుకుంటూ కూర్చున్నాను. టికెట్టు తీసుకోవడం కూడా మరిచిపోతే కండక్టరు తమిళంలో నాలుగు తిట్టాడు. నవ్వుతూ పడ్డాను.

బిందె పక్కన

అలవాటు ప్రకారం పెరట్లోంచే వెళ్ళాను. రాజమ్మ గారు ఎదురొచ్చి ఏం తేలింది నాయనా అని అడిగింది. నేను ఆ సంతోషంలో ఆగలేక ఆమెకే ముందు చెప్పేశాను, నీ బిందెలో నీళ్ళేనమ్మా అని.

ఆమెకు మొదట అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. నిలబడినామె పీట మీద కూర్చుంది. బిందె మీద చెయ్యి వేసింది.

"అయితే ఆ పిల్ల చెప్పింది నిజమే గదా. నేనే చంపినా," అంది.

నువ్వు తెలిసి చేశావా అమ్మా, అది వేరు అన్నాను.

"ఎవురు నమ్ముతారు నాయనా? ఆ పిల్లంటే నాకు కడుపుమంట లేదని చెప్పను. ఉంది. పొద్దున లేస్తే ఉంది, పండుకుంటే ఉంది. అందురికీ తెలుసు. కానీ ఆ చేపల్ని నేనెందుకు చంపుకుంటా? ఆయన అంగడి మూసేసి వచ్చి వాటి ముందర కూర్చుంటాడు. నేను స్తంభం కాడ కూర్చుని తమలపాకులు చుట్టి ఇస్తా. దినానికి అంతసేపే నేను ఆయన్ను చూసేది. చేపలు పోతే తిన్నగా మేడెక్కి ఆ పిల్ల గదికి పోతాడు. అందుకే సాకినా. నీళ్ళు నేనే మోసినా."

నేను ఆమె ముందు గొంతుక్కూర్చుని ఉన్నాను. బస్సులో దిద్దుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. ఆ మంట నాకు తెలిసినంత బాగా ఇంకెవరికి తెలుసు? ఆమె కుళ్ళుతో సవతి చేపల్ని సాకింది, నేను కుళ్ళుతో మొప్పలు గీకాను. నేను చదువుకున్నవాణ్ణి కాబట్టి నాది శ్రద్ధ అని పేరు పెట్టుకున్నాను, అంతే తేడా.

ఆమె లేచి చెయ్యి కడుక్కుంది. "ఉన్నదేదో చెప్పేసెయ్ నాయనా. నీ ఉద్యోగం గదా," అని లోపలికి వెళ్ళింది. మంచం కింద నుంచి ట్రంకుపెట్టె లాగిన చప్పుడు వినబడింది.

హాల్లో

హాల్లో ముగ్గురూ కూర్చుని ఉన్నారు. మునిరత్నం గారు కుర్చీలో, సరోజ తొట్టె పక్కన, ఆమె అన్న చొక్కా చేతులు మోచేతి పైకి మడుచుకుని గుమ్మం దగ్గర. ఇప్పుడు నాకు కూడా ఒక కుర్చీ వేశారు.

అక్కడ నేను ఏమాలోచించానో మీకు చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి రోజు మీకూ వస్తుంది. రాగి విషమే. శాస్త్రం ప్రకారం మునిరత్నం గారి ప్రశ్నకు జవాబు విషం. తెలియక జరిగిందమ్మా అని ఆ వెంటనే చెప్పవచ్చు. కానీ విషం అన్నమాట నా నోట్లోంచి పడ్డాక మిగిలిన వాక్యం ఆ గదిలో ఎవరూ వినరు. ఆ అన్న మొహం చూస్తేనే తెలుస్తోంది, అతను ఆ ఒక్కమాట కోసమే పని మానుకుని కూర్చున్నాడు. మనం చేప గురించి చెబుతున్నామనుకుంటాం. వినేవాళ్ళు మనుషుల గురించి వింటారు.

"చెప్పండి సార్. రోగమా, విషమా?" అన్నాడు మునిరత్నం గారు.

"రోగమే," అన్నాను. "మా శేషాద్రి గారు చెప్పింది అక్షరాలా నిజం."

ఆ రెండో వాక్యం గొంతులో చేపముల్లులా అడ్డంపడింది. మింగేశాను.

సరోజ ఊరుకోలేదు. మరి అక్క నీళ్ళు మార్చిన మర్నాడే ఎందుకు చస్తున్నాయి అని నిలదీసింది. మంచి ప్రశ్న. మా ఆఫీసులో వాళ్ళకు కూడా తట్టని ప్రశ్న. నీళ్ళలో కలిపిన ఆ నీలిమందుకు లోహం పడదమ్మా, రాగి గానీ ఇత్తడి గానీ తగిలిన నీళ్ళు పోస్తే మందు వికటిస్తుంది, అది ముందే చెప్పకపోవడం మా పొరపాటు అన్నాను. రాగి దాకా నిజం, మందు దగ్గర అబద్ధం. ఇంకనుంచి మట్టికుండలో మాత్రమే నిలవబెట్టాలని, తొట్టెలో ఉన్న నీళ్ళన్నీ తీసేసి కొత్తగా నింపాలని, మళ్ళీ నాలుగు నత్తల్ని వెయ్యాలని చెప్పాను. నీళ్ళు మార్చే చెయ్యి మాత్రం మార్చవద్దని, చేపలు ఒక చేతికి అలవాటుపడితే అదే మంచిదని కూడా ఒక మాట వేశాను. ఏ పుస్తకంలోనూ లేదది.

మునిరత్నం గారు పెద్ద బరువు దిగినట్టు నిట్టూర్చి లోపలికి చూసి, ఏమే, సారుకు కాఫీ అని కేకేశాడు. రాజమ్మ గారే తెచ్చింది. గ్లాసు నా చేతికిచ్చింది. నా వంక చూడలేదు. నేనూ చూడలేదు.

ఆ తర్వాత

చేపలు నిలదొక్కుకున్నాయి. మునిరత్నం గారు శేషాద్రికి బుట్టెడు బత్తాయిలు పంపాడు. నూలు బజారంతా శేషాద్రి గారి చెయ్యి అమృతమని చాటాడు. బాసు అందరి ముందూ చూశారా అన్నాడు. బొంబాయి నుంచి దిగిన శేషాద్రి నా దగ్గరకొచ్చి, నేను లేనప్పుడు నా వైద్యం సరిగ్గా చేయించావు, నీ రుణం తీర్చుకోలేను అని చెయ్యి పట్టుకుని ఊపాడు. రెండు బత్తాయిలు కూడా ఇచ్చాడు. పుల్లగా ఉన్నాయి.

అతనికి నిజం ఎందుకు చెప్పలేదని మీరడగవచ్చు. చెబితే శేషాద్రి నొచ్చుకోడు. నన్ను మెచ్చుకుంటాడు, బాసు దగ్గరకు లాక్కెళ్ళి మరీ మెచ్చుకుంటాడు. అది నేను భరించలేను. పైగా అతని నోట్లో మాట దాగదు, అటు తిరిగి ఇటు తిరిగి చింతాద్రిపేటకు చేరుతుంది. అందుకని ఊరుకున్నాను. ఆ తర్వాత మాత్రం ఎవరింటికి వెళ్ళినా నీళ్ళు నిలవబెట్టండి అని ఊరికే అనలేదు, మట్టికుండలో నిలవబెట్టండి అనేవాణ్ణి. మీరూ అలాగే చెప్పండి. ఏ పాత్ర అన్నది చెప్పకపోతే జనం మీ మీద గౌరవం కొద్దీ ఇంట్లో ఉన్నవాటిలో మంచిది తీస్తారు.

కొన్ని నెలలు పోయాక ఆ వీధి మీదుగా వెళుతూ ఉండబట్టలేక ఆ ఇంటికి వెళ్ళాను. సాయంకాలం. ఈసారి వీధి గుమ్మం నుంచే పిలిచారు. తొట్టె నిండా నల్లమోలీల పిల్లలు, ఆవగింజలంత ఉన్నాయి. గాజు నిండా నత్తలు. మునిరత్నం గారు కుర్చీ వదిలేసి కింద చాప మీద కూర్చున్నాడు. పక్కనే రాజమ్మ గారు. ఏది దేని పిల్లో, ఏది గర్భంతో ఉందో ఆమె చూపిస్తుంటే ఆయన నోరు తెరుచుకుని వింటున్నాడు. మేడ మీదికి ఇప్పుడు పడుకునే వేళకు గానీ పోవడం లేదట, నవ్వుతూ ఆయనే చెప్పాడు. చేపలంటే ఇంత ఉందని నాకు తెలీదు సార్, అంతా మీ శేషాద్రి గారి చలవ అన్నాడు. నేను తల ఊపాను. రాజమ్మ గారు ఆకు చుట్టి ఆయన చేతికిచ్చి, ఇంకొకటి నాకిచ్చింది.

నేను అరుగు మీద చెప్పులు తొడుక్కుంటుంటే సరోజ పక్కదారిన వచ్చి నిలబడింది. చిక్కిపోయింది. హాల్లో ఇంతసేపున్నా ఆ పిల్ల కనబడలేదని నాకప్పుడు తట్టింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"సార్, మీకు తెలిసే ఉంటుంది. ఎవురికీ అనుమానం రాకుండా ఆ చేపలు చావాలంటే నీళ్ళలో ఏం పొయ్యాలి?"

నేను ఆ పిల్ల మొహం చూశాను. కోపం రాలేదు. ఆ కళ్ళల్లో ఉన్నదాన్ని నేను రోజూ అద్దంలో చూసుకుంటున్నాను.

"నాకంత తెలీదమ్మా," అన్నాను. "అలాంటివన్నీ మా శేషాద్రి గారిని అడుగు. చేపల చావు గురించి మద్రాసు మొత్తంలో ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదు."

శేషాద్రిని నేను మనసారా పొగిడింది జీవితంలో ఆ ఒక్కసారే.